కోట్ గుర్తు, శాతం గుర్తు, అరసున్న: కమాండ్ లైన్ నుంచి డేటాబేస్‌ను అడిగేటప్పుడు ప్రత్యేక అక్షరాలతో మెలగవలసిన తీరు

చెన్నపట్నానికీ మన సరిహద్దు ఊళ్లకూ మధ్య నిత్యమూ రాకపోకలు సాగించేవారిలో బడిపిల్లలూ ఉన్నారు. తండ్రికి పని దొరికినచోట కొన్నాళ్లు, అవ్వగారి ఊళ్లో కొన్నాళ్లు చదివే ఈ పిల్లల వెంట తిరిగేది ఒక్క కాగితం. దాని మీద పేరు సరిగా ఉంటే బడి మారుతుంది, లేకుంటే లేదు.

కొన్నేళ్ల క్రితం ఉత్తర చెన్నైలోని ఒక బడిలో, తెలుగూ తమిళమూ రెండూ చదవగలిగినవాణ్ణి కావడం చేత, కంప్యూటర్ గది బాధ్యత కూడా నా మీద పడింది. ఒకనాడు ఒక తండ్రి తన కుమారుడి స్టడీ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చారు. అబ్బాయి పేరు వేంకటసుబ్రహ్మణ్యం. కాగితం మీద చివరి సున్న లేదు. ఆ స్థానంలో నల్లని పలక, దాని నడుమ ఒక ప్రశ్నార్థకం. తడ అవతలి బడిలో దానిని అంగీకరించలేదట. రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరిగి వచ్చిన ఆయనకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అదే వారంలో పెరంబూరు నుంచి వచ్చే ఒక ఆంగ్లో ఇండియన్ బాలిక రికార్డు కోసం వెదికితే డేటాబేస్ తప్పు చూపి నిలిచిపోయింది. ఆమె ఇంటిపేరు డి'సౌజా. ఒకే వారంలో ఎదురైన ఈ రెండు చిక్కులూ ఒకే కుటుంబానికి చెందినవని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. తెలిసినది తెలిసినట్లు ఇక్కడ క్రోడీకరిస్తున్నాను.

ముందుగా ఒక మనవి. కమాండ్లు ఆంగ్లాక్షరాలతో కొట్టవలసినవే అయినా, ఇక్కడ వాటిని పలికే తీరున తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. గుర్తులను మాత్రం ఉన్నవి ఉన్నట్లు ఉంచాను. మనకు కావలసినవి ఆ గుర్తులే.

రెండు తనిఖీ కేంద్రాలు

చెన్నై నుంచి నెల్లూరు వైపు సరుకు లారీ వెళ్లాలంటే ఒకప్పుడు రెండు రాష్ట్రాల తనిఖీలూ దాటవలసి వచ్చేది. 2017లో జీఎస్‌టీ అమలుతో ఆ పన్ను తనిఖీ కేంద్రాలను ఎత్తివేశారు గాని, కమాండ్ లైన్ మీద రాసే ప్రశ్నకు నేటికీ రెండు తనిఖీలు తప్పవు. మొదటిది షెల్, అంటే మనం కొట్టిన వరుసను చదివి ప్రోగ్రాముకు అందించేది. లినక్స్‌లో సాధారణంగా అది బాష్. విండోస్‌లో సీఎండీ గాని పవర్‌షెల్ గాని. రెండవది డేటాబేస్ సర్వర్. ఒక్కొక్కరికీ తమవైన ప్రత్యేక గుర్తులున్నాయి. మొదటివాడు కొన్నింటిని తీసివేసి, కొన్నింటిని మార్చి, మిగిలినది రెండవవానికి పంపుతాడు. కాబట్టి తప్పు ఎదురైనప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: ఈ గుర్తును తిన్నది ఎవరు?

ఈ వరుస చూడండి.

మైసీక్వెల్ -ఈ "సెలెక్ట్ * ఫ్రమ్ పిల్లలు వేర్ పేరు = 'రాజు'" బడి

బయటి డబుల్ కోట్లు షెల్ కోసం. వాటిని షెల్ తీసివేస్తుంది. లోపలి సింగిల్ కోట్లు డేటాబేస్ కోసం. అవి చెక్కుచెదరక చేరాలి. బయటి కోట్లు లేకుండా రాస్తే నక్షత్రం గుర్తును షెల్ తనకు చెందినదిగా భావించి, ఆ ఫోల్డరులోని ఫైళ్ల పేర్లన్నింటినీ అక్కడ పరుస్తుంది. సెమికోలన్ వద్ద కమాండ్ ముగిసిందనుకుంటుంది. అన్నింటికంటె విచిత్రం 'మార్కులు > 35' అన్న షరతు: కోట్లు లేకపోతే షెల్ ఆ బాణపు గుర్తును ఫైలులోకి పంపమన్న ఆదేశంగా తీసుకుని, 35 అనే పేరుతో ఒక ఫైలును సృష్టిస్తుంది. మా బడి సర్వరులో 35, 40, 60 అనే పేర్లుగల ఖాళీ ఫైళ్లు నాకు కనిపించాయి. నాకంటె ముందున్న వారెవరో ఉత్తీర్ణుల జాబితా కోసం పడిన పాట్లన్నమాట.

బాష్ ఎదుట

బాష్‌లో డబుల్ కోట్లకూ సింగిల్ కోట్లకూ భేదం పెద్దది. సింగిల్ కోట్ల నడుమ ఉన్నది ఏదైనా యథాతథం. డబుల్ కోట్ల నడుమ మాత్రం నాలుగు గుర్తులు తమ శక్తిని నిలుపుకుంటాయి: డాలరు, బ్యాక్‌టిక్, బ్యాక్‌స్లాష్, టెర్మినల్ ముందు కూర్చుని కొట్టేటప్పుడైతే ఆశ్చర్యార్థకం కూడా.

డాలరు గుర్తు ఎక్కువగా దెబ్బతీసేది పాస్‌వర్డు విషయంలో. పాస్‌వర్డు 'మణి$2024' అనుకుందాం. డబుల్ కోట్లలో రాస్తే $2 అన్నది షెల్ వేరియబుల్ అవుతుంది. దానికి విలువ లేదు గనుక సర్వరుకు చేరేది 'మణి024' మాత్రమే. పాస్‌వర్డు సరైనదేనని మనం ప్రమాణం చేస్తాం, సర్వరు కాదంటుంది, ఇద్దరమూ నిజమే చెబుతుంటాం. అసలు పాస్‌వర్డును కమాండ్ వరుసలో రాయడమే మంచిది కాదు. ఆ యంత్రంలో ఉన్న ఇతరులకు అది ప్రాసెస్ జాబితాలో కనబడవచ్చు. మైసీక్వెల్ ఆప్షన్ ఫైలులో ఉంచడం మేలు. అక్కడ మరొక చిక్కు ఉంది: ఆ ఫైలులో హాష్ గుర్తు (#) నుంచి వ్యాఖ్య మొదలైనట్లు లెక్క. పాస్‌వర్డులో అది ఉంటే మొత్తాన్ని కోట్లలో పెట్టాలి.

ఆశ్చర్యార్థకం పాత కమాండును వెనక్కి పిలిచే గుర్తు. టెర్మినల్ ముందు దానిని డబుల్ కోట్లలో కొడితే అటువంటి ఘటన లేదని బాష్ ఫిర్యాదు చేయవచ్చు. అదే వరుసను స్క్రిప్టులో పెడితే ఏ తంటా ఉండదు. 'సమానం కాదు' అని చెప్పే != జంటను మాత్రం బాష్ తాకదు.

బ్యాక్‌టిక్ సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది బళ్ల డేటాబేసులను నేరుగా తాకిన విషయం. మార్కుల పట్టికలో 'ర్యాంక్' అనే కాలమ్ లేని బడి ఉంటుందా? 2018లో విడుదలైన మైసీక్వెల్ 8.0లో ఆ పదం భాషకు కేటాయించిన పదాల జాబితాలో చేరింది. 5.7 వరకు హాయిగా నడచిన ప్రశ్నలు కొత్త సర్వరు మీద నిలిచిపోయాయి. పరిష్కారం ఆ కాలమ్ పేరును బ్యాక్‌టిక్‌ల నడుమ పెట్టడం. కాని బాష్ డబుల్ కోట్లలో బ్యాక్‌టిక్ పెడితే, దాని నడుమ ఉన్న పదాన్ని ఒక ప్రోగ్రాముగా నడపబోతుంది. అప్పుడు బయట సింగిల్ కోట్లు వాడి, లోపలి సింగిల్ కోట్లను ఇలా తప్పించాలి.

మైసీక్వెల్ -ఈ 'సెలెక్ట్ `ర్యాంక్` ఫ్రమ్ మార్కులు వేర్ పేరు = '\''రాజు'\''' బడి

కోట్ మూసి, బ్యాక్‌స్లాష్‌తో ఒక కోట్ గుర్తును విడిగా ఇచ్చి, మళ్లీ కోట్ తెరవడం ఇందులోని కిటుకు. కంటికి ఇంపుగా ఉండదు, సరిగా మాత్రం పనిచేస్తుంది.

విండోస్‌లో

మన బళ్లలో ఎక్కువ యంత్రాలు విండోస్‌వే. సీఎండీకి సింగిల్ కోట్ ఒక మామూలు అక్షరం. బయటి కోట్లు డబుల్ కోట్లే అయి ఉండాలి. దాని అసలు ప్రత్యేక గుర్తు శాతం. పేరులో రావు ఉన్నవారిని వెదకడానికి లైక్ '%రావు%' అని సీఎండీ తెరలో కొడితే పనిచేస్తుంది. అదే వరుసను బ్యాచ్ ఫైలులో పెడితే ఒక్క పేరూ రాదు. బ్యాచ్ ఫైలులో రెండు శాతాల నడుమ ఉన్నది వేరియబుల్ పేరు. అటువంటి వేరియబుల్ లేదు కాబట్టి అక్కడ శూన్యం నిలిచి, డేటాబేసుకు లైక్ '' అని చేరుతుంది. తప్పు సందేశం కూడా రాదు. ఉన్న పిల్లలను లేరని చెప్పే ఈ మౌనమే నాకు అన్నింటికంటె ప్రమాదకరంగా తోస్తుంది. బ్యాచ్ ఫైలులో ప్రతి శాతం గుర్తునూ రెండుసార్లు రాయాలి.

పవర్‌షెల్‌లో ఫైలును లోపలికి పంపే ఎడమ బాణం పనిచేయదు. కుడి బాణంతో బ్యాకప్ తీస్తే, విండోస్‌తో పాటు వచ్చే 5.1 వెర్షన్ దానిని యూటీఎఫ్ 16గా మార్చి రాస్తుంది. ఆ బ్యాకప్‌ను మళ్లీ ఎక్కించబోయినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు. మైసీక్వెల్ డంప్‌కు ఫలితపు ఫైలు పేరును ఆప్షనుగానే ఇవ్వడం క్షేమం.

డేటాబేస్ గుమ్మం వద్ద

షెల్ దాటిన తరువాత మిగిలేది ఎస్‌క్యూఎల్ నియమం. విలువలో సింగిల్ కోట్ ఉంటే దానిని జంటగా రాయాలి: 'డి''సౌజా'. మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ మూడింటా ఇది చెల్లుతుంది. బ్యాక్‌స్లాష్‌తో తప్పించడం మైసీక్వెల్‌లో నడుస్తుంది. 2011 నాటి 9.1 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో మామూలు స్ట్రింగులో బ్యాక్‌స్లాష్ ఒక సాదా అక్షరమే. ఎస్‌క్యూలైట్‌కు ఆ అలవాటే లేదు. కనుక జంట కోట్ నేర్చుకుంటే మూడుచోట్లా పనికివస్తుంది.

జంట చేయక పోతే ఏమవుతుంది? మైసీక్వెల్ లోపల కూర్చుని కొడుతున్నవారికి వరుస మొదట ఒక కోట్ గుర్తు, బాణం కనబడి, యంత్రం ఉలకదు పలకదు. చెడిపోయిందనుకుని తెర మూసివేసేవారు ఉన్నారు. అది కేవలం మూతపడని కోట్ కోసం ఎదురుచూస్తున్నది. ఒక కోట్ కొట్టి, ఆ వెంటనే \సీ అని ఇస్తే విడుదల చేస్తుంది.

వర్డ్ నుంచి గాని ఫోన్ సందేశం నుంచి గాని కాపీ చేసిన ప్రశ్నలో నిటారు కోట్లకు బదులు వంపు కోట్లు (‘ ’) ఉంటాయి. మనిషి కంటికి రెండూ ఒకటే. మైసీక్వెల్‌కు మాత్రం ఆ వంపు గుర్తు పేరులో భాగం కాగల అక్షరం. అందువల్ల అటువంటి కాలమ్ లేదని బదులిస్తుంది. ఏ కాలమ్ గురించి అంటున్నదో తెలియక తల పట్టుకోవడం నాకూ అనుభవమే.

లైక్ ప్రశ్నలో శాతం ఎన్ని అక్షరాలనైనా, అడ్డగీత (_) ఒక్క అక్షరాన్నీ సూచిస్తాయి. ప్రవేశ సంఖ్యలు 'ఏ_12' అన్న ధోరణిలో ఉంటే, లైక్ 'ఏ_12' అని అడిగినప్పుడు 'ఏ112' కూడా వస్తుంది. మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్‌లలో \_ అని రాయవచ్చు. ఎస్‌క్యూలైట్‌లో తప్పించే గుర్తు ఏదో మనమే ఎస్కేప్ అనే పదంతో ప్రకటించాలి. ఆ పద్ధతి మూడింటా చెల్లుతుంది.

వేర్ సంఖ్య లైక్ 'ఏ|_12' ఎస్కేప్ '|'

బ్యాక్‌స్లాష్‌నే లైక్‌తో వెదకవలసి వస్తే మైసీక్వెల్‌లో నాలుగు రాయాలి. బాష్ డబుల్ కోట్లలో అయితే ఎనిమిది. ఈ లెక్క విన్న నా సహోపాధ్యాయులు ఒకరు ఇది గణితం కాదు, శిక్ష అన్నారు.

తెలుగు అక్షరమే ప్రత్యేక అక్షరమైనప్పుడు

ఆంగ్ల పుస్తకాలు పై విషయాలతో ఆగిపోతాయి. మనకు అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 3072 నుంచి 3199 వరకు, మొత్తం 128. యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ 224. అయితే యంత్రం లెక్కించే అక్షరం మన పలక మీది అక్షరం కాదు. తలకట్టు తప్ప ప్రతి గుణింతపు గుర్తూ, ప్రతి పొల్లూ విడి స్థానమే. మనకు 'రామ' రెండక్షరాలు, యంత్రానికి మూడు. 'లక్ష్మి' మనకు రెండు; యంత్రానికి ఏడు, బైట్లలో ఇరవైయొకటి. కనుక రెండక్షరాల పేర్లు కావాలని లైక్ '__' అని అడిగితే రామ రాదు.

ఇప్పుడు వేంకటసుబ్రహ్మణ్యం. పలకడానికి ఏడక్షరాలు. యంత్రపు లెక్కలో పదిహేడు. బైట్లలో యాభైయొకటి. మా పట్టికలో పేరుకు కేటాయించిన చోటు యాభై.

యాభై అక్షరాలకు చోటున్నప్పుడు పదిహేడు ఎందుకు పట్టలేదని సందేహం రావచ్చు. మైసీక్వెల్‌కు జన్మస్థలం స్వీడన్, 8.0 రాకముందు దాని అప్రమేయ లిపి పద్ధతి లాటిన్1, పేర్ల వరుసక్రమం స్వీడిష్. మా పట్టిక ఆ పాత పద్ధతిలోనే తయారైంది. వెబ్ పేజీ తెలుగు బైట్లను పంపింది. తాను పంపేది లాటిన్1 అని చెప్పింది. సర్వరు నమ్మి ఒక్కొక్క బైటును ఒక్కొక్క అక్షరంగా దాచింది. తిరిగి అడిగినప్పుడు అవే బైట్లు అదే వరుసలో వచ్చాయి. బ్రౌజరు వాటిని తెలుగుగా చూపింది. రెండు అబద్ధాలు ఒకదానినొకటి కప్పుకొన్నందువల్ల ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. యాభై బైట్లు దాటిన పేరు వచ్చిన రోజున చివరి బైటు తెగింది. సున్నకు ఉండవలసిన 224, 176, 130 అనే మూడింటిలో మొదటి రెండే మిగిలాయి. ఆ రెండింటికీ అర్థం లేదు గనుక నల్లని పలక. ఇటువంటి కోతను తప్పుగా ప్రకటించే కట్టుదిట్టమైన పద్ధతి మైసీక్వెల్‌లో 2015 నాటి 5.7 నుంచి అప్రమేయంగా ఉంది. మాది అంతకు ముందుది, హెచ్చరిక ఒకటి లోలోపల నమోదు చేసి ఊరుకుంది.

ఈ జాడ్యాన్ని కమాండ్ లైన్ నుంచి నిర్ధారించే మార్గం సులభం.

సెలెక్ట్ పేరు, క్యార్_లెంగ్త్(పేరు), లెంగ్త్(పేరు), హెక్స్(పేరు) ఫ్రమ్ పిల్లలు

మొదటి కొలత అక్షరాలది, రెండవది బైట్లది. తెలుగు పేరుకు రెండవది మొదటిదానికి మూడు రెట్లు ఉండాలి. రెండూ సమానమైతే బైట్లను లాటిన్1గా దాచారని అర్థం. అప్పుడు సరైన అమరికతో చూస్తే తలపై గీత ఉన్న ఆంగ్ల అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరుసగా కనిపిస్తాయి. వాటిని తిరిగి తెలుగు చేయవచ్చు.

సెలెక్ట్ కన్వర్ట్(క్యాస్ట్(కన్వర్ట్(పేరు యూజింగ్ లాటిన్1) యాజ్ బైనరీ) యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4) ఫ్రమ్ పిల్లలు

బ్యాకప్ తీసి, ముందు సెలెక్ట్‌తో కళ్లారా చూసి, తరువాతనే అప్‌డేట్ చేయాలి. హెక్స్‌లో 3ఎఫ్ అన్న జంట వరుసగా కనబడితే మాత్రం ఆశ వదులుకోవలసిందే. అది ప్రశ్నార్థకపు సంకేతం. సర్వరు తెలుగును లాటిన్1లోకి మార్చబోయి, చేతగాక ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం రాసుకుందన్నమాట. అక్కడ పేరు లేదు. రిజిస్టరు తెరిచి మళ్లీ ఎక్కించాలి.

నివారణకు సర్వరు, పట్టిక, కనెక్షన్ మూడూ ఒకే మాట మీద ఉండాలి. కమాండ్ లైన్‌లో మైసీక్వెల్ పేరు తరువాత --డీఫాల్ట్-క్యారెక్టర్-సెట్=యూటీఎఫ్8ఎంబీ4 అని చేర్చాలి; లేదా లోపలికి వెళ్లాక సెట్ నేమ్స్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పాలి. మైసీక్వెల్‌లో యూటీఎఫ్8 అని పిలిచిన పాత పద్ధతి మూడు బైట్ల వరకే మోస్తుంది. తెలుగుకు అది చాలు, ఎమోజీలకు చాలదు. నాలుగు బైట్ల పద్ధతి 2010లో వచ్చింది. విండోస్ సీఎండీలో సీహెచ్‌సీపీ 65001 అని ముందుగా ఇవ్వాలి. అయినా తెలుగును నేరుగా తెర మీద కొట్టడంకంటె ఫైలులో రాసి నడపడమే నమ్మకమైన దారి.

చెన్నైలో ఈ అయోమయం తెలుగుకే పరిమితం కాదు. 1999 ఫిబ్రవరిలో ఇక్కడ జరిగిన తమిళనెట్ 99 సమావేశం తమిళానికి కీబోర్డు అమరికనూ, టామ్, టాబ్ అనే లిపి సంకేత పద్ధతులనూ నిర్ణయించింది. తమిళనాడు ప్రభుత్వం 2010లో యూనికోడ్‌ను స్వీకరించింది. నడుమ కాలంలో ఎక్కించిన జాబితాలు అనేక చోట్ల పాత పద్ధతిలోనే ఉండిపోయాయి. మన అచ్చు కార్యాలయాలలో వాడిన పాత ఫాంట్లదీ అదే తంతు. వాటిలో తెలుగు అక్షరపు ముక్కలు ఆంగ్ల అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుంటాయి. తెర మీద అది ఒక కొమ్ము లేదా వత్తు. డేటాబేసుకు అది కోట్ గుర్తో, బ్యాక్‌స్లాషో కావచ్చు. అటువంటి పాఠాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చక ప్రశ్నలో పెట్టరాదు.

కనబడని అక్షరం, కనబడీ కలవని అక్షరం

రాజ్‌కుమార్ అనే పేరును సరిగా చూపాలంటే పొల్లు తరువాత ఒక అదృశ్య అక్షరం కావాలి. దాని సంఖ్య 8204. అది లేకపోతే క వత్తుగా మారిపోతుంది. ఒక గుమాస్తా దానితో, మరొక గుమాస్తా అది లేకుండా కొడితే డేటాబేసులో ఇద్దరు పిల్లలు తయారవుతారు: ఒకరికి పదకొండు అక్షరాలు, మరొకరికి పది. లైక్‌తో వెదికితే ఒకరు దొరికి మరొకరు దొరకరు. వెదికేటప్పుడు దానిని తీసివేయాలి.

రిప్లేస్(పేరు, క్యార్(226,128,140 యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4), '')

పోస్ట్‌గ్రెస్‌లో సీహెచ్‌ఆర్(8204), ఎస్‌క్యూలైట్‌లో క్యార్(8204) అంటే చాలు.

ఐత్వం మరొకటి. యూనికోడ్‌లో దానికి సొంత స్థానం (3144) ఉంది. ఎత్వం (3142), దాని కింది గుర్తు (3158) విడివిడిగా కలిపినా అదే రూపం వస్తుంది. కంటికి ఒకటే, బైట్లకు వేరు. ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరూపీకరణ చేయిస్తే రెండూ మొదటి రూపంలోకి వస్తాయి.

సాహిత్యం వైపు వెళితే అరసున్న ఉంది. 1869లో నెలకొన్న మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం మెకంజీ, బ్రౌన్ వంటివారి సేకరణలకు నిలయమని మన పాఠకులకు తెలిసినదే. ఆ కాలపు తెలుగు గ్రంథాల పేర్లను ఎవరైనా జాబితాగా ఎక్కిస్తే 'తెనుఁగు' అని అరసున్నతో రాయాలా, 'తెనుగు' అని రాయాలా? పండితుడు మొదటిది కోరతాడు, వెదికే విద్యార్థి రెండవది కొడతాడు. అరసున్నకు విడి స్థానం (3073) ఉన్నందున రెండూ కలవవు. నా అభిప్రాయంలో మూలపాఠాన్ని ముట్టుకోకుండా, అరసున్నలూ అదృశ్య అక్షరాలూ తీసివేసిన మరొక కాలమ్‌ను వెదకడానికి ప్రత్యేకంగా ఉంచుకోవాలి. ౘ, ౙ లు 2008లోనూ, తమిళపు ప్రత్యేక ధ్వనికి సరిపోయే ఴ 2014లోనూ యూనికోడ్‌లో చేరాయి. చెన్నై బళ్లలో కయల్విఴి వంటి పేర్లను అంతకు ముందు ళ తోనో ల తోనో రాసిపెట్టారు. పాత జాబితాలను వెదికేవారు మూడు విధాలా అడగక తప్పదు.

గుర్తుల బాధ తప్పించే దారులు

ప్రశ్న పొడవైనదైతే, విలువలో ఏ గుర్తు ఉంటుందో తెలియకపోతే, షెల్‌ను పక్కకు తప్పించడమే ఉత్తమం. బాష్‌లో ఇలా చేయవచ్చు.

మైసీక్వెల్ బడి << 'ముగింపు'
సెలెక్ట్ `ర్యాంక్` ఫ్రమ్ మార్కులు వేర్ పేరు = 'డి''సౌజా';
ముగింపు

మొదటి వరుసలో ముగింపు అన్న పదం చుట్టూ కోట్లు ఉన్నందున, నడుమ ఉన్న డాలరునూ బ్యాక్‌టిక్‌నూ షెల్ ముట్టుకోదు. ఫైలులో రాసి లోపలికి పంపినా ఇంతే. అయితే పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్ 8గా భద్రపరిస్తే ఫైలు తలపై మూడు అదనపు బైట్లు చేరేవి. 2019 నాటి విండోస్ 10 నవీకరణతో ఆ అలవాటు మారింది. పేర్ల జాబితాను లోడ్ డేటాతో ఎక్కించినప్పుడు ఆ మూడు బైట్లు మొదటి విద్యార్థి ప్రవేశ సంఖ్యకు అంటుకుంటాయి. జాబితాలో మొదటి పిల్లవాడు మాత్రమే ఎప్పుడూ దొరకడం లేదంటే అక్కడ చూడండి.

విలువ బయటి నుంచి వచ్చేదైతే, అంటే స్క్రిప్టులో '$1' అని కోట్ల నడుమ అతికించేదైతే, అది కేవలం అసౌకర్యం కాదు, ప్రమాదం. ' ఆర్ '1'='1 అని ఎవరైనా పేరుగా ఇస్తే బడిలోని పిల్లలందరి రికార్డులూ బయటపడతాయి. ఈ దాడిని 1998లో ఫ్రాక్ అనే పత్రికలో బహిరంగంగా వివరించారు. 2007లో ఎక్స్‌కేసీడీ కార్టూన్ ఒక తల్లి తన కుమారుడికి పెట్టిన పేరు బడి రికార్డులను తుడిచివేసినట్లు గీసి లోకాన్ని నవ్వించింది. బడిలో పనిచేసేవారికి అందులో నవ్వు పాలు కొంచెం తక్కువే.

పోస్ట్‌గ్రెస్‌లో దీనికి చక్కని ఏర్పాటు ఉంది. విలువను -వీ ఆప్షనుతో ఇచ్చి, ఫైలులోని ప్రశ్నలో :'పేరు' అని రాస్తే కోట్లను అదే సరిచూసుకుంటుంది.

పీఎస్‌క్యూఎల్ -వీ పేరు="డి'సౌజా" -ఎఫ్ వెతుకు బడి

-సీ ఆప్షనుతో నేరుగా ఇచ్చిన ప్రశ్నలో ఇది పనిచేయదు; ఫైలు గాని పైన చూపిన ముగింపు పద్ధతి గాని వాడాలి. అన్నట్లు పోస్ట్‌గ్రెస్‌లో జంట డాలర్ల నడుమ స్ట్రింగు రాసే సౌకర్యం ఒకటుంది. బాష్ డబుల్ కోట్లలో దానిని వాడితే జంట డాలరు స్థానంలో షెల్ ప్రాసెస్ సంఖ్య వచ్చి కూర్చుంటుంది.

మైసీక్వెల్‌కు అటువంటిది లేదు. పేరును బైట్ల సంఖ్యలుగా మార్చి అన్‌హెక్స్‌తో పంపడం ఒక ఉపాయం; అంకెలూ ఆరు అక్షరాలూ తప్ప మరేమీ ఉండవు గనుక ఏ తనిఖీలోనూ చిక్కదు. లినక్స్‌లో ఎక్స్‌ఎక్స్‌డీ -పీ ఆ మార్పు చేస్తుంది. అది ముప్పై బైట్లకొకసారి వరుస తెంచుతుందని మరువరాదు. పదక్షరాలు దాటిన తెలుగు పేరు రెండు వరుసలవుతుంది, ఆ తెంపును తీసివేయకపోతే అన్‌హెక్స్ శూన్యం ఇస్తుంది. పని పెద్దదైతే పైథాన్ వంటి భాషలో ప్రశ్నను వేరుగా, విలువను వేరుగా పంపే పద్ధతికి మారడం న్యాయం.

మా పట్టికను ఒక ఆదివారం మధ్యాహ్నం యూటీఎఫ్8ఎంబీ4లోకి మార్చాను. మార్చే ముందు లెంగ్త్ సరిగ్గా యాభై ఉన్న పేర్లన్నింటినీ విడిగా తీశాను. తెగిన పేర్లు తొమ్మిది. వాటిలో ఆరింటిని ప్రవేశ రిజిస్టరు చూసి సరిచేశాను. మిగిలిన ముగ్గురి పుటలు వాన నీటికి తడిసి చదవరాకుండా ఉన్నందున, వారి తల్లిదండ్రులకు ఉత్తరాలు రాశాను. వేంకటసుబ్రహ్మణ్యం కాగితం మరునాడే అచ్చయింది. వాళ్ల నాన్నగారు చివరి సున్నను వేలితో తాకి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరి వద్ద నుంచి జవాబు వచ్చింది.